ఎండ తగలకుండా ఎండబెట్టవచ్చా?

సందేహం: ఇంట్లో కేకులు, బిస్కెట్లు చేసి తెలిసినవాళ్ళకు అమ్ముతుంటాను. ఈ వేసవిలో మామిడిపండ్లు పలచగా కోసి, డీహైడ్రేటర్‌లో (వేడిగాలితో తడి లాగే యంత్రం) 60 డిగ్రీల వేడి మీద పెట్టి తీశాను. ప్యాకెట్ మీద ‘ఎండబెట్టిన మామిడి’ అని రాస్తే మా అత్తగారు, “ఎండ మొహమే చూడని ముక్కలు ఎండబెట్టినవి ఎలా అవుతాయి? ఆరబెట్టినవి అను” అన్నారు. ఎండు, ఎండిన, ఎండబెట్టిన, ఆరబెట్టిన – వీటిలో ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: మీ అత్తగారు అడిగిన ప్రశ్న బాగుంది గానీ, ఇచ్చిన తీర్పు నిలవదు. ‘ఎండబెట్టు’లో ఉన్నది ఆవిడ అనుకుంటున్న ఎండ కాదు.

నాను – నానబెట్టు, ఉడుకు – ఉడకబెట్టు, ఆరు – ఆరబెట్టు. అదే వరసలో ఎండు – ఎండబెట్టు. ‘ఉడక’ అని విడిగా ఒక వస్తువు లేదు, ‘నాన’ అనీ లేదు. అవి క్రియకు వచ్చే తుమున్నర్థక రూపాలు, అంటే ‘ఉడికేలా’, ‘నానేలా’ అనే అర్థం ఇచ్చేవి. ‘ఎండ’ కూడా ఇక్కడ అంతే: ఎండు అనే క్రియకు ‘ఎండన్’ అనే రూపం. చివరి నకారం ద్రుతం (మాట చివర చేరే, లోపించగల ‘న్’) కాబట్టి దాని తర్వాత వచ్చిన ‘పెట్టు’లోని ‘ప’ సరళాదేశంతో ‘బ’గా మారి ‘బెట్టు’ అయింది. పాత పుస్తకాల్లో ‘ఎండఁబెట్టు’ అని అరసున్నతో కనిపించేది ఇదే. సూర్యుడి ఎండే చెప్పదలచుకుంటే ‘ఎండలో పెట్టు’, ‘ఎండకు పెట్టు’ అంటాం. లో, కు లేకుండా ఆ అర్థం రాదు. ఆ ఎండా ఈ ఎండూ ఒకే ధాతువు నుంచి వచ్చినవే, చుట్టరికం కాదనను. అయినా ‘ఎండబెట్టు’ అంటే ‘ఎండేలా చేయు’ అనే అర్థం. దేనితో ఎండించారన్నది ఆ మాట చెప్పదు. పొయ్యి మీదైనా, ఓవెన్‌లోనైనా, ఫ్యాను కిందైనా ఎండబెట్టవచ్చు. (పేపర్లలో నాయకులు ఒకరినొకరు ‘ఎండగట్టడం’ ఏసీ గదుల్లోనే జరుగుతుంది, దానికెవరూ అభ్యంతరం చెప్పలేదు!)

ఎండ తగలకుండా ఎండేవి మనకు కొత్త కూడా కాదు. మీకు దగ్గర్లోనే, కోనసీమలో కురిడీ కొబ్బరి చూసే ఉంటారు. ముదురు కాయల్ని నెలల తరబడి అటక మీద వదిలేస్తారు. లోపలి నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి చిప్పను వదిలేస్తుంది. కాయ ఊపితే లోపల గుండు కదిలిన చప్పుడు వస్తుంది. దానికి సూర్యుడితో పనే లేదు, అయినా అది ఎండుకొబ్బరే. ఎండుద్రాక్ష కూడా అంతే. మహారాష్ట్రలో సాంగ్లీ వైపు ద్రాక్షను పొటాషియం కార్బొనేటు, నూనె కలిపిన నీళ్ళలో ముంచి, కప్పు ఉన్న షెడ్లలో వలల మీద పరుస్తారు. నేరుగా ఎండ పడితే రంగు నల్లబడుతుందని కావాలనే నీడలో ఉంచుతారు. నాలుగు కిలోల పండ్లకు కిలో దాకా కిస్‌మిస్ వస్తుంది.

ఇక ‘ఆరబెట్టు’. తేడా అంతా ఇక్కడే ఉంది, మీ అత్తగారికి ఇది చేతుల్లోనే తెలిసి ఉంటుంది. ఆవకాయకు మామిడికాయలు కడిగి, తుడిచి ఆరబెడతారు, ఎండబెట్టరు. మాగాయకు ముక్కల్ని ఉప్పులో ఊరేసి, ఊట పిండి, ఆ ముక్కల్ని ఎండబెడతారు, ఆరబెట్టరు. పైనున్న తడి పోవడం ఆరడం, లోపలి నీరు పోవడం ఎండడం. బట్టలు, జుట్టు, అలికిన నేల ఆరతాయి. చెరువు, చెట్టు, చేప ఎండుతాయి. ధాన్యం ఆరబోస్తాం కదా, కరివేపాకు నీడలో ఆరబెడతాం కదా అని మీరు అడగవచ్చు. నిజమే, ఈ గీత అన్నిచోట్లా గట్టిది కాదు. పండు ముక్కల విషయంలో మాత్రం గట్టిదే. వేడి మరీ ఎక్కువ పెడితే ముక్క పైన పొరకట్టి గట్టిపడుతుంది, లోపలి నీటికి దారి ఉండదు. ముట్టుకుంటే పొడిగానే ఉంటుంది, తుంచితే మధ్యలో చెమ్మ కనిపిస్తుంది. అది ఆరిన ముక్కే గానీ ఎండిన ముక్క కాదు, డబ్బాలో పెడితే బూజు పడుతుంది. గాజు సీసాలో వదులుగా నింపి రోజూ ఒకసారి కుదుపుతూ వారం చూడండి; సీసా లోపలి గోడ మీద చెమ్మ పడితే ఇంకా ఎండాలి.

ఎండు, ఎండిన అన్నవి ఒకటి కావు. ‘ఎండు’ సరుకు పేరు: ఎండుమిరప, ఎండుచేప, ఎండు ఖర్జూరం. ‘ఎండిన’ అంటే ఆ స్థితికి వచ్చింది అని మాత్రమే. ఎవరో పనిగట్టుకుని చేసి ఉండాల్సిన పని లేదు. ఎండుమిరప అమ్మితే రైతుకు డబ్బు, ఎండిన మిరపతోట చూస్తే దిగులు. అందుకని ప్యాకెట్ మీద ‘ఎండిన’ వద్దు. ‘ఎండబెట్టిన’ తప్పు కాదు, కాకపోతే అది చేసిన పని చెబుతుంది. పేరుకు ‘ఎండు’ చాలు.

మీ లేబుల్‌లో నాకు అసలు ఇబ్బందిగా ఉన్నది ‘మామిడి’. కాయా పండా? ఎండు మామిడి అనగానే చాలామందికి పప్పులో వేసుకునే పుల్లటి ఒరుగులే గుర్తొస్తాయి. కేకులో వేద్దామని కొన్నవాళ్ళు కంగారుపడతారు. ‘ఎండు మామిడిపండు ముక్కలు’ అని రాయండి. ‘మామిడిపండు ఒరుగులు’ అన్నా బాగుంటుంది. ఒరుగు అంటే కోసి ఎండబెట్టిన ముక్క, అందుకే ఎండుద్రాక్షను ఒరుగులనం. గుజ్జును పొరలు పొరలుగా చాప మీద పరిచి ఎండిస్తే అది తాండ్ర. రేగుపండ్లు దంచి, బెల్లం, కారం కలిపి ఎండబెడితే రేగు వడియాలు.

చివరిగా ఒకటి, మీరు అడగకపోయినా. వీటితో చేసిన కేకుకు ‘డ్రై ఫ్రూట్ కేక్’ అని పేరు పెట్టకండి. మనవాళ్ళకు డ్రై ఫ్రూట్స్ అంటే ముందు గుర్తొచ్చేది జీడిపప్పు, బాదం, పిస్తా. అవి ఉంటాయని కొన్నవాళ్ళు వెతుక్కుంటారు, అవి పడనివాళ్ళు భయపడి కొనరు. ‘ఎండు పండ్ల కేకు’ అంటే సరిపోతుంది. పప్పులు కూడా వేస్తే ఏవి వేశారో పేరుపేరునా రాయండి.