ఇంట్లో సిమ్యులేషన్ పీసీ: ప్రాసెసర్ కంటే ముందు కరెంటు, వేడి

గుంటూరులో ఇంటి నుంచే గ్రోమాక్స్‌లో (అణువుల కదలికలను కంప్యూటర్‌లో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) ప్రొటీన్ సిమ్యులేషన్లు నడపాలి, ఏ ప్రాసెసర్ కొనాలి అని అడిగారు. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంట్లో నాలుగేళ్లుగా నేను చేస్తున్న పని ఇదే. ముందు కరెంటు సంగతి చూసుకోండి.

మొదటి ఏడాది మే నెల, మధ్యాహ్నం. మూడు రోజులుగా ఒక సిమ్యులేషన్ రన్ నడుస్తోంది. కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉంది కదా అనుకున్నాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది, పీసీ మాత్రం ఆరిపోయింది. చాలా ఇన్వర్టర్లకు ఒక చిన్న స్విచ్ ఉంటుంది. మాది మామూలు మోడ్‌లో ఉంది. బ్యాటరీకి మారడానికి పట్టే ఆ రెప్పపాటు ఫ్యానుకు లెక్కలోది కాదు, కంప్యూటర్‌కు మాత్రం ఎక్కువే. యూపీఎస్ మోడ్‌కు మార్చాక ఆ బాధ తప్పింది. విడిగా యూపీఎస్ కొనేటట్టయితే వీఏ (వోల్ట్-ఆంపియర్లు) కాదు, అది నిజంగా ఇవ్వగల వాట్లు చూడండి. 600 వీఏది సాధారణంగా 360 వాట్ల వరకే, గ్రాఫిక్స్ కార్డు పూర్తి లోడ్‌లో ఉంటే చాలదు.

ఆ రోజు నేను రన్ మళ్లీ మొదటి నుంచి పెట్టాను. ఆ అవసరమే లేదు! గ్రోమాక్స్ 15 నిమిషాలకోసారి చెక్‌పాయింట్ ఫైల్ (అప్పటిదాకా రన్ ఎక్కడికి వచ్చిందో దాచే ఫైల్) రాస్తుంది, రన్ నడిపే ఎండీరన్ కమాండ్‌కు 'సీపీఐ' (-cpi) ఆప్షన్‌తో ఆ ఫైల్ ఇస్తే ఆగిన చోటి నుంచే సాగుతుంది. ఇది ముందే నేర్చుకోండి, మూడు రోజుల పని మిగులుతుంది.

క్యాబినెట్ మీద చెయ్యి పెడితే జివ్వుమంటోందా? ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి, వాయిదా వేయకండి.

ఇక ఎండ. గ్రోమాక్స్ రాసే లాగ్ ఫైల్ చివర, రోజుకు ఎన్ని నానోసెకండ్ల ప్రొటీన్ కదలికను లెక్కగడుతోందో ఉంటుంది, అదే రన్ వేగం. రాత్రి రన్‌కూ మధ్యాహ్నం రన్‌కూ అది పోల్చి చూస్తే వేడికి ఎంత పోతోందో తెలుస్తుంది. నా 200 వాట్ల గ్రాఫిక్స్ కార్డుకు పవర్ లిమిట్ (అది వాడుకోగల గరిష్ఠ కరెంటు) 160 వాట్లకు తగ్గించాను. వేగం కొద్దిగానే తగ్గింది, గది మాత్రం కూర్చోగలిగేలా అయింది.

గ్రోమాక్స్‌కు గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు చాలు, ఎన్‌విడియాది తీసుకోండి. ర్యామ్ 32 జీబీ సరిపోతుంది. అయితే మీ రీసెర్చ్ గైడ్ క్వాంటమ్ కెమిస్ట్రీ (ఎలక్ట్రాన్ల స్థాయి లెక్కలు) కూడా చేయమంటారేమో ఇప్పుడే అడగండి. ఆ లెక్కలకు డబుల్ ప్రెసిషన్ (ఎక్కువ అంకెల కచ్చితత్వం) కావాలి, గేమింగ్ కార్డులు అందులో బలహీనం. అలాంటప్పుడు డబ్బు ప్రాసెసర్ కోర్ల మీద, 64 జీబీ ర్యామ్ మీద, మంచి ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీ) డిస్క్ మీద పెట్టాలి.

మీ సిస్టమ్‌లో నీళ్లతో కలిపి ఎన్ని ఆటమ్స్ ఉంటాయో రాయండి, కార్డు ఏదో చెప్తాను.