క్రీమ్ డబ్బా మీద ‘ఎగ్జిమా నయమవుతుంది’ అని రాయొచ్చా?

సందేహం: సోయా నుంచి తీసిన ప్లాంట్ స్టెరాల్స్ (మొక్కల్లో ఉండే కొవ్వు లాంటి పదార్థాలు) కలిపి ఫేస్ క్రీమ్ తయారు చేసి అమ్మాలనుకుంటున్నాను. లేబుల్ మీద ‘ఎగ్జిమా నయమవుతుంది, కొత్త చర్మం పెరుగుతుంది, సైడ్ ఎఫెక్ట్స్ లేవు’ అని రాస్తే ఇబ్బందేమైనా ఉంటుందా? మొక్కల పదార్థమే కదా! – ఒక పాఠకురాలు

సమాధానం: ఇబ్బందేనండీ. చట్టం డబ్బాలో ఏముందో ఒక్కటే చూడదు, ఏం చేస్తుందని చెప్పి అమ్ముతున్నారో కూడా చూస్తుంది. ‘చర్మం మృదువుగా ఉంటుంది’ అంటే అది కాస్మెటిక్. ‘ఎగ్జిమా నయమవుతుంది’ అన్నారంటే అదే క్రీమ్ మందు కిందికి వస్తుంది. జబ్బు తగ్గించడానికి ఉద్దేశించినదేదైనా మందే అని అమెరికాలో 1938 నాటి చట్టమూ, మన 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టమూ చెబుతున్నాయి. మందుల లైసెన్స్ లేకుండా మందు తయారు చేసి అమ్మితే క్రిమినల్ కేసే. లేబుల్ మీద రాయకుండా వాట్సాప్‌లో చెప్పుకుందాం అనుకోకండి, ఆ మెసేజ్ కూడా సాక్ష్యమే.

ఇక ‘కొత్త చర్మం’ సంగతి. స్టెరాల్స్ మొక్క కణాల పొర మరీ వదులైపోకుండా, మరీ బిగుసుకుపోకుండా కాపాడతాయి. మన కణాల్లో కొలెస్ట్రాల్ చేసేదీ ఇదే. క్యాంపెస్టెరాల్ అనే స్టెరాల్ నుంచి మొక్క బ్రాసినోస్టెరాయిడ్స్ అనే పెరుగుదల హార్మోన్లు తయారు చేసుకుంటుంది. ముడిసరుకు అమ్మేవాళ్లు ‘పెరుగుదల’ అని ఊదరగొట్టేది బహుశా దీన్ని చూసే. కానీ మొక్క తరఫు సాక్ష్యం మనిషి చర్మానికి చెల్లదు!

చర్మం పై పొరలో సెరమైడ్లు అనే కొవ్వులు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు కలిసి తేమను పట్టి ఉంచుతాయి. సోయాలో ఉండే బీటా సైటోస్టెరాల్ అనే స్టెరాల్ నిర్మాణం కొలెస్ట్రాల్‌కు చాలా దగ్గరగా ఉంటుంది. అందుకే స్టెరాల్స్‌ను చర్మం మెత్తబడటానికి, క్రీములో నూనె, నీరు విడిపోకుండా ఉండటానికి వాడతారు. కాబట్టి ‘తేమ నిలిచేందుకు తోడ్పడుతుంది’ అని రాసుకోండి. దానికీ మీ క్రీముపైనే చేయించిన పరీక్ష రిపోర్టు ఫైల్లో ఉండాలి. ముడిసరుకు కంపెనీ బ్రోషర్ చూపిస్తే ఎవరూ ఒప్పుకోరు.

‘సైడ్ ఎఫెక్ట్స్ లేవు’ అన్నది మాత్రం పూర్తిగా తీసేయండి. సోయా పడనివాళ్లు ఉంటారు. క్రీములోని సెంటు, ప్రిజర్వేటివ్ పడనివాళ్లు ఇంకా ఎక్కువ. ఒక్కరికి దద్దుర్లు వచ్చి వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే, మీ డబ్బానే మీకు వ్యతిరేకంగా ఎగ్జిబిట్ ఏ-1, అంటే మొదటి సాక్ష్యం అవుతుంది.

ఇంట్లో తయారు చేసినా, అమ్మకానికైతే కాస్మెటిక్ తయారీ లైసెన్స్ తప్పదు. పదార్థాలన్నీ లేబుల్ మీద ఉండాలి, సోయా పేరు దాచకూడదు. లేబుల్ ఇప్పటికే ప్రింటింగ్‌కి ఇచ్చేసి ఉంటే, ఈ రోజే ఫోన్ చేసి ఆపించండి.