కర్తవ్యపథ్: గుమ్మటం దాచే గుట్ట, నేరేళ్ల నీడ

ప్రశ్న: ఇండియా గేట్ దగ్గర నిలబడితే రాష్ట్రపతి భవన్ గుమ్మటం చక్కగా కనిపిస్తుంది. రైసినా గుట్ట కింది విజయ్ చౌక్ దాకా నడిచి వెళ్తే దాదాపు మాయమవుతుంది. దగ్గరికెళ్లే కొద్దీ కనబడకపోవడమేమిటి? (గుంటూరు)

జవాబు: ఆ రెంటినీ కలిపే కర్తవ్యపథ్ (పాత రాజ్‌పథ్) వాలు వల్ల. 1911 డిసెంబరులో రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్టు ప్రకటించాక వైస్రాయ్ భవనాన్ని (ఇప్పటి రాష్ట్రపతి భవన్) వాస్తుశిల్పి ఎడ్విన్ లుటియన్స్‌కీ, దాని ముందుండే సచివాలయ భవనాలు నార్త్, సౌత్ బ్లాకుల్ని మరో వాస్తుశిల్పి హెర్బర్ట్ బేకర్‌కీ అప్పగించారు. తన బ్లాకులు కూడా రైసినా గుట్ట మీద వైస్రాయ్ భవనంతో సమానమైన ఎత్తులో ఉండాలని బేకర్ పట్టుబట్టాడు. అవి గుట్ట ముందు భాగానికి వచ్చాయి, వైస్రాయ్ భవనం పడమటికి జరిగింది. ఇక ఆ రెండు బ్లాకుల మధ్య పైకెక్కే రోడ్డు అంచే చూపుకి అడ్డు. గుట్ట కింద నిలబడితే చూపు ఆ అంచును తాకి ఆకాశంలోకి పోతుంది, వెనకున్న భవనం ఆ గీతకి కింద ఉండిపోతుంది. ఇండియా గేట్ అంత దూరం నుంచైతే చూపు దాదాపు నేలబారుగా వెళ్తుంది కాబట్టి గుమ్మటం అందుతుంది. లుటియన్స్ ఇది గమనించి వాలు తగ్గించమని 1916లో అడిగాడు. ఖర్చెక్కువని ఒప్పుకోలేదు. ఇద్దరి స్నేహమూ అక్కడే చెడింది. మా దృష్టిలో లుటియన్స్ కోరిందే న్యాయం. అంత పొడవైన దారికి చివర కనబడాల్సింది ఆ గుమ్మటమే.

ప్రశ్న: ఈ దారికీ మన తెలుగు నేలకీ ఏమైనా సంబంధం ఉందా? (ఖమ్మం)

జవాబు: మీ జిల్లాకే ఉంది. ఇండియా గేట్ వెనక ఛత్రి (గొడుగు లాంటి రాతి మండపం) కింద 2022 సెప్టెంబరు 8న ఆవిష్కరించిన నేతాజీ విగ్రహానికి 280 టన్నుల నల్ల గ్రానైట్ బండను ఖమ్మం నుంచి 1,665 కిలోమీటర్లు తీసుకెళ్లారు. చెక్కాక మిగిలిన విగ్రహం 65 టన్నులు, ఎత్తు 28 అడుగులు. ఆ ఛత్రి కింద ఉండే బ్రిటిష్ రాజు అయిదో జార్జి విగ్రహాన్ని 1968లో తీసేశారు. ఆ తర్వాత చాలాకాలం అది ఖాళీగానే ఉంది.

రెండోది హైదరాబాద్ హౌస్. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కోసం 1920లలో లుటియన్సే కట్టాడు. ఇండియా గేట్ చుట్టూ రోడ్డు ఆరు పలకలుగా తిరుగుతుంది కాబట్టి అక్కడి స్థలాలు కోసుగా ఉంటాయి. అందుకే ఆ కోసు మొన దగ్గర గుమ్మటమున్న ప్రవేశ మందిరం పెట్టి, రెండు పక్కల రోడ్ల వెంట రెండు రెక్కలు చాపాడు. ఇప్పుడు అది విదేశీ అతిథులతో చర్చలు జరిపే చోటు, లోపలికి పంపరు. పక్కనే అశోకా రోడ్డులో ఆంధ్రప్రదేశ్ భవన్ ఉంది, భోజనం అక్కడ చేయవచ్చు.

ప్రశ్న: ఒక్క పూటలో చూడాలంటే ఎటునుంచి మొదలుపెట్టాలి? (విశాఖపట్నం)

జవాబు: దారి తూర్పు పడమరలుగా ఉంది. పొద్దుటి ఎండ రాష్ట్రపతి భవన్ ముఖం మీద, సాయంత్రపు ఎండ ఇండియా గేట్ పడమటి ముఖం మీద పడతాయి. కాబట్టి ఉదయమైతే ఇండియా గేట్ వైపు నుంచి పడమటికి, సాయంత్రమైతే విజయ్ చౌక్ నుంచి తూర్పుకి నడవండి. తిరగేస్తే ఫొటోల్లో రాయి నల్లగా పడుతుంది. సెంట్రల్ సెక్రటేరియట్ మెట్రో స్టేషన్ విజయ్ చౌక్‌కి దగ్గర. అక్కడి నుంచి ఇండియా గేట్ రెండు కిలోమీటర్లకి కాస్త ఎక్కువ. జనపథ్ కూడలిలో ఆగి నేషనల్ ఆర్కైవ్స్ భవనం చూడండి. ఆ కూడలిలో నాలుగు భవనాలు రావాలని లుటియన్స్ అనుకుంటే, ఆయన కాలంలో లేచింది అదొక్కటే. జనవరి రెండో సగంలో మాత్రం వెళ్లకండి. గణతంత్ర పరేడ్ రిహార్సల్స్‌కి దారి మూసేస్తుంటారు, 29న ఆ వేడుకల ముగింపు కార్యక్రమం బీటింగ్ రిట్రీట్ అయ్యేదాకా ఇబ్బందే.

ప్రశ్న: మా కాలనీ 80 అడుగుల రోడ్డుకి కర్తవ్యపథ్‌లో ఉన్నలాంటి నేరేళ్ల వరసలు వేయాలనుకుంటున్నాం. జాగ్రత్తలు చెప్పండి. (కరీంనగర్)

జవాబు: ముందు ఒకటి గమనించండి. కర్తవ్యపథ్‌లో నేరేళ్లు తారు రోడ్డు మీదికి వంగి ఉండవు, పచ్చిక మైదానాల్లో వెనక్కి నిలబడి ఉంటాయి. మధ్యలో చూపు సాగాలి, నీడ నడిచేవాళ్ల మీద పడాలి. నేరేడు ఏడాది పొడవునా పచ్చగా ఉండటం కూడా దాన్ని ఎంచుకోవడానికి కారణం. మీరు కూడా మొక్కలు కాలిబాట వైపే వేయండి. వాహనాలు తిరిగే చోట పండు రాలితే చక్రం జారుతుంది, పార్కింగ్ చేసిన కార్ల మీద ఊదా మరక పోదు.

చెట్టుకీ చెట్టుకీ 10 నుంచి 12 మీటర్ల ఎడం ఇవ్వండి. తొందరపడి 5 మీటర్లకే వేస్తే పదిహేనేళ్లకి కొమ్మలు కలబడి, అన్నీ సన్నగా పైకి సాగుతాయి. గుంట పొడవు, వెడల్పు, లోతు ఒక్కో మీటరు. తీసిన పైమట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపి నింపాలి. ఆరడుగుల మొక్క తీసుకోండి, కానీ సంచి చింపి వేర్లు చూడండి. అడుగున చుట్టలు తిరిగి ఉంటే ఆ చుట్టల్ని కోసి నాటండి, లేకపోతే పెద్దయ్యాక గాలివానకి వేళ్లతో సహా పడిపోతుంది. తొలకరి తర్వాత నాటి, రెండు వేసవులు వారానికొకసారి గుంట నిండా నీళ్లు పెట్టాలి. రోజూ చెంబెడు పోస్తే వేర్లు పైపైనే ఉండిపోతాయి.

మన ఊళ్లలో ఎక్కువ చెట్లు చచ్చేది మొదలు చుట్టూ వేసే సిమెంటు, టైల్స్ వల్ల. కనీసం ఒక మీటరు మట్టి వదలాలని ఢిల్లీలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించాల్సి వచ్చింది. పంచాయతీ తీర్మానంలోనే ఆ మాట రాయించండి. కరెంటు తీగల కింద నేరేడు వద్దు, లైన్‌మెన్ ఏటా తల నరికేస్తారు. అటువైపు మొత్తం దేవకాంచనం వేయండి.

ఒక వైపు వరసకి ఒకే జాతి ఉండాలి. అక్బర్ రోడ్డుకి చింత, జనపథ్‌కి తెల్లమద్ది, పృథ్వీరాజ్ రోడ్డుకి వేప అని ఢిల్లీలో అలాగే వేశారు. ఒక మొక్క చనిపోతే అదే జాతి మొక్క, వీలైనంత పెద్దది, ఆ వానాకాలంలోనే నాటండి. అందుకని మొదటే పదికి ఒకటి చొప్పున అదనంగా మొక్కలు కొని, పార్కులో ఓ మూల పెద్ద సంచుల్లో పెంచుతూ ఉండండి.