మన ఇల్లు, మీ ప్రశ్నలు: సోఫా కొనేముందు పాత పేపర్లు పరిచి చూడండి

ప్రశ్న: అక్కా, మాది సత్యనారాయణపురంలో దక్షిణం ముఖం అద్దె పోర్షన్. ముందు గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. దాని వెనక ఇంకో గది, చివర సన్నటి వంటగది. వీధి గుమ్మం, లోపలి గుమ్మం ఒకే వరసలో తూర్పు గోడ పక్కన ఉంటాయి. ముందు గదిలోనే దివాన్, టీవీ, బీరువా, నా కుట్టు మిషన్ అన్నీ. పడమర సందు వైపు కిటికీ ఉంది కానీ బీరువా దాన్ని సగం మూసేసింది. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకుని కుడుతున్నాను. అది నైరుతి మూల, బీరువా కదపొద్దని మా అత్తగారు అంటారు. గోడకి మేకు కొట్టొద్దని ఓనరు గారు అంటారు. చుట్టాలొస్తే కూర్చోబెట్టే చోటు లేక సిగ్గుగా ఉంటోంది. చీటీ డబ్బులు 15,000 వచ్చాయి. సోఫా కొనమంటారా?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: వద్దమ్మా. ఆ గదికి సోఫా వద్దు.

మూడు సీట్ల సోఫా అంటే సుమారు ఆరున్నర అడుగుల పొడవు, మూడడుగుల లోతు. ఇంట్లో ఉన్న పాత పేపర్లు ఆ కొలతకి నేల మీద పరిచి రెండు రోజులు అలాగే ఉంచండి. వాటిని తొక్కకుండా నీళ్ల బిందెతో వంటింట్లోకి వెళ్లగలరేమో మీరే చూడండి. నేను ఈ పని చేయకపోవడం వల్లే నష్టపోయాను. పెళ్లైన కొత్తలో మేడమీద వాటాలో ఉండేవాళ్లం. వాయిదాల మీద సోఫా కొన్నాం. మెట్ల మలుపులో అది ఇరుక్కుంది, నిలబెట్టినా తిరగలేదు. షాపువాళ్లు వెనక్కి తీసుకోలేదు. కింద వాటా వాళ్ల వరండాలో ఏడాదిపాటు ఉండి వానకి పాడైపోయింది. వాయిదాలు మాత్రం ఆఖరిదాకా కట్టాం. ఆ బాధ మీకొద్దు.

ముందు బీరువా సంగతి. అత్తగారి మాట కొట్టిపారేయకండి. నైరుతి ఇంటికే కాదు, ప్రతి గదికీ చూసుకోవచ్చని వాస్తు చెప్పేవాళ్లే అంటారు. వెనక గదిలో నైరుతి మూల ఏముందో మీరు రాయలేదు. బట్టల దండెమో, బియ్యం డబ్బానో అయితే తేలిగ్గా జరపొచ్చు. "బీరువా ఆ మూలకి మారుద్దామా అత్తయ్యా" అని మీరే అడగండి. ఆవిడ చేతే పసుపు కుంకుమ పెట్టించి జరపండి. సామాను మొత్తం తీసేసి, కాళ్ల కింద మడిచిన గోనెసంచి వేసి ఇద్దరు నెమ్మదిగా లాగితే గచ్చు మీద గీతలు పడవు.

కిటికీ ఖాళీ అయ్యాక మిషన్‌ని దాని పక్కకి తెచ్చుకోండి. ఉత్తరం ముఖంగా కూర్చుంటే పడమటి వెలుగు మీ ఎడమ వైపు నుంచి సూది మీద పడుతుంది. రోజంతా కళ్లు చికిలించి కుట్టే మనిషికి గదిలో అన్నిటికన్నా మంచి చోటు దక్కాలి. ఇది నా పట్టుదల అనుకోండి.

ఇక దారి. తూర్పు గోడ పక్కన రెండు గుమ్మాల మధ్య మూడడుగులు వదిలేయండి. అక్కడ స్టూలు కూడా పెట్టొద్దు. మిగిలిన ఏడడుగుల్లోనే మీ సంసారం. దివాన్‌ని పడమటి గోడకి ఆనించి పొడవుగా వేసి, వెనక రెండు బాలీసులు పెడితే ముగ్గురు కూర్చోవచ్చు. దివాన్ చివర, వెనక గది గోడ దగ్గర, దారి వరకూ నాలుగడుగులు మిగులుతుంది. అక్కడికి నాలుగడుగుల పొడవు, అడుగున్నర లోతుతో మూత ఉన్న బల్ల చేయించండి. ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపులకి కొదవ లేదు. ఇనుము కిలో లెక్కన చెప్తారు. రంగు, కూలీ అన్నీ కలిపి ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి. ఆరు వేలు దాటనివ్వకండి. పాత పరుపు దూది ఏకించి, ఆ కొలతకి కుట్టించి పైన వేస్తే చాలు.

మా అమ్మ కృష్ణలంకలో ఒక్క గదిలో మమ్మల్ని ముగ్గురినీ పెంచింది. రెండు ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టి, వాటి మీద పాత చీరల బొంత పరిచేది. ఎవరొచ్చినా దాని మీదే కూర్చునేవాళ్లు, లోపల మా బట్టలుండేవి. ఏ చుట్టమూ ముఖం ముడుచుకోవడం నేను చూడలేదు. మీరు కూడా సిగ్గుపడకండమ్మా.

మిగిలిన డబ్బులో, ఓనరు గారిని అడిగి పైకప్పుకి తెల్ల డిస్టెంపర్ వేయించండి. చీకటి గదికి దీనివల్ల తేడా బాగా తెలుస్తుంది. మూడు వేలు మాత్రం చేతిలో ఉంచుకోండి. బీరువా కదిపాక వెనక గోడ ఎలా ఉందో అప్పుడే తెలుస్తుంది.

ప్రశ్న: మేడమ్, మాది అజిత్‌సింగ్ నగర్‌లో సొంత ఇల్లు, కింద అంతస్తు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు నడుం లోతు నీళ్లొచ్చాయి. టీవీ యూనిట్, మంచం, కబోర్డులు ఉబ్బిపోయాయి. ఇప్పటికీ ప్లాస్టిక్ కుర్చీలే. గోడ కింది భాగం పెచ్చులూడుతోంది, వాల్‌పేపర్ అంటిద్దామనుకుంటున్నాం. 20,000 ఉంది, ఆఫర్‌లో మళ్లీ అలాంటి యూనిటే చూశాం.
– ఒక పాఠకుడు

జవాబు: అన్నయ్యా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ రోజుల్లో మా బంధువుల ఇంట్లో బురద ఎత్తిపోశాను. పిల్లల పుస్తకాలు ముద్దైపోయిన వాసన ఇంకా గుర్తుంది.

వాల్‌పేపర్ వద్దే వద్దు. గోడ లోపల తేమ ఉంటే పైన కాగితం, ప్లాస్టిక్ షీట్లు అంటించడం దాన్ని లోపలే బంధించడమే. అడుగు చదరపు ప్లాస్టిక్ కవరు గోడకి అన్ని వైపులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. గోడ వైపు నీటి చుక్కలు పడితే ఇంకా ఆరలేదన్నమాట. అప్పుడు పెచ్చులు గీకి, పైకి తేలిన తెల్లటి ఉప్పుని పొడి బ్రష్‌తో దులపండి. ఎండాకాలమంతా కిటికీలు తీసి ఆరనిచ్చి, ఆ తర్వాత సున్నం కొట్టించండి. సున్నం వేసిన గోడ గాలి పీల్చుకుంటుంది. ప్లాస్టిక్ పెయింట్ అలా కాదు.

మీరు చూసిన యూనిట్ పార్టికల్ బోర్డే అయి ఉంటుంది. చెక్కపొట్టుని జిగురుతో నొక్కి చేసిన ఆ బోర్డు నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఆరినా మళ్లీ మామూలుగా కాదు. మీరు ఒకసారి చూసేశారు కదా. ఎత్తైన కాళ్లున్న ఇనప మంచం కొనండి, తుడిచి రంగేస్తే మళ్లీ పనికొస్తుంది. సొంత ఇల్లు కాబట్టి కబోర్డుల బదులు గోడలో కడప రాయి అరలు పెట్టించండి. కింది అరలో గిన్నెలే పెట్టండి, కాగితాలు వద్దు. ఇంటి దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అటక మీదికి చేర్చండి. ఈ పని ఇవాళే చేయండి, దీనికి ఖర్చు కూడా లేదు.

ప్రశ్న: గుంటూరు పట్టాభిపురంలో మా పడమటి గదికి నాలుగడుగుల వెడల్పు కిటికీ. ఎండ భరించలేకపోతున్నాం. రెడీమేడ్ కర్టెన్లు ధర ఎక్కువ.
– ఒక గృహిణి

జవాబు: ఎండని అద్దం దాటి లోపలికి రానిచ్చాక ఏ కర్టెనూ వేడిని పూర్తిగా ఆపలేదు. ముందు కిటికీ బయట వెదురు తడిక కట్టించండి. లోపలికి కొత్త కర్టెన్లు కొనాల్సిన పని లేదు. కట్టడం మానేసిన మంగళగిరి నూలు చీర ఒకటి ఉందా? చీర ఐదున్నర మీటర్లు. పైన కడ్డీ గొట్టానికీ, కింద మడతకీ కలిపి ఏడున్నర అడుగుల ముక్కలు రెండు కత్తిరించండి. చీర పన్నా 45 అంగుళాలున్నా రెండూ కలిపి 90, నాలుగడుగుల కిటికీకి కుచ్చులు నిండుగా వస్తాయి. అంచులు వాటంతటవే నిలువుగా రెండు పక్కలా వస్తాయి కాబట్టి వేరే డిజైన్ అక్కర్లేదు. ముదురు రంగు చీరైతే వెనక పాత తెల్ల పంచె అస్తరుగా వేయండి, రంగు త్వరగా వెలవదు. ఇంకా మూడడుగుల ముక్క మిగులుతుంది. దాంతో రెండు చిన్న దిండు గలీబులు కుట్టుకోవచ్చు.