టౌటు కోర్టు గేటు దగ్గరే ఉన్నాడు

అనంతపురం

నాయనా,

ముందుమాట రాయమని నువ్వు పంపిన కథ చదివాను. చెనిక్కాయలు వలిచే ముసలమ్మ బాగుంది. మూడో పేజీలో 'కాబోయే సర్పంచిగా టౌట్ చేయబడుతున్న పెద్దబ్బాయి' దగ్గరికొచ్చేసరికి కాగితాలు పక్కన పడేసి లేచాను. ఆ 'బడు' ఒకటి మళ్లీ!

ఇంగ్లీషు పేపర్లో 'టౌట్' అనే మాటకు అర్థం వేరు, ఫలానావాడు గొప్పవాడని ఊరంతా చాటడం. మన దగ్గరికి అది ఎప్పుడో కోర్టు గేటు మీదుగా వచ్చింది. కోర్టుకొచ్చినవాళ్లను లాయర్ల దగ్గరికి లాక్కెళ్లి కమీషన్ తినే దళారే మన టౌటు. టౌట్ల జాబితా రాసి కోర్టులో వేలాడదీయమని పాత లీగల్ ప్రాక్టీషనర్ల చట్టంలోనే ఉంది. 2023లో దాన్ని అడ్వకేట్ల చట్టంలోకి తెచ్చారు. శిక్ష మూడు నెలల దాకా జైలు, లేదంటే 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 500! అది వాడికి ఒక పూట సంపాదన.

మా నాయన గట్టు తగాదా మీద కోర్టుకొచ్చిన రోజు, బస్సు దిగీ దిగకముందే ఒకడు చేతిలో సంచి లాక్కున్నాడు. 'పెద్దాయనా, మా లాయరు సారును చూస్తే జడ్జి కూడా తడబడతాడు' అంటూ ముందు వాడు, జొన్నరొట్టెల సంచి కోసం వెనక మా నాయన. నీ పెద్దబ్బాయిని కూడా ఎవడో అలాగే లాక్కెళ్తున్నాడనుకున్నా.

అసలు ఇంగ్లీషులో ఆ మాటకు మొదటి అర్థం తొంగిచూడటం. రేసు గుర్రాల మీద నిఘా పెట్టేవాడూ, బ్లాకులో టికెట్లు అమ్మేవాడూ టౌటే. ఉత్తర ఐర్లండులో పోలీసులకు ఉప్పందించేవాడు కూడా.

ఊరంతా చాటడానికి మనకు 'ఊదరగొట్టడం' ఉంది కదా. ఊదర పెట్టడం ఎప్పుడన్నా చూశావా? కుండలో ఎండుగడ్డీ పిడక ముక్కా వేసి నిప్పంటించి, మూతిని ఎలుక బొక్కకు ఆనించి, అడుగు చిల్లిలోంచి ఊదుతారు. పొగకు కళ్లు మండి ఎలుక ఇంకో బొక్కలోంచి దూకుతుంది. ఎలక్షన్లప్పుడు మైకు ఆటో మనకు చేసేది అదే.

ఒక వారపత్రిక ఎడిటరు నా కథలో 'ఊదరగొట్టారు' తీసేసి 'విస్తృత ప్రచారం చేశారు' అని పెట్టాడు. పాఠకులకు అర్థం కాదట! పొగా పోయింది, ఎలుకా పోయింది. పదిహేనేళ్లు ఆయనకు కథ పంపలేదు. ఆయన గమనించినట్టు కూడా లేదు.

ముందుమాట సంగతి తర్వాత చూద్దాం. మూడో పేజీ తిరగరాసి పంపు. ముసలమ్మ జోలికి మాత్రం పోకు.