రెండు మావోమావోలు, ఒకే నవల

మాస్టారూ, ‘ది అపోథెకరీ డైరీస్’ అనే జపాన్ అనిమే (కార్టూన్ సీరియల్) చూసి పిచ్చెక్కిపోయాను. దాని మాంగా, అదే బొమ్మల కథ పుస్తకం, కొందామంటే ఒకే కథకి రెండు మాంగాలున్నాయంటున్నారు. అందులో ఒకటి నకిలీయా? లేకపోతే నేరుగా నవలే చదవడం మేలా?
— డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

రెండూ అసలువేనమ్మా. నట్సు హ్యూగా దీన్ని ముందు ఇంటర్నెట్‌లో రాశారు. తర్వాత టౌకో షినో బొమ్మలతో లైట్ నవలగా, అంటే మధ్యమధ్య బొమ్మలుండే తేలికపాటి నవలగా వచ్చింది. 2017లో రెండు ప్రచురణ సంస్థలు విడివిడిగా మాంగా మొదలుపెట్టాయి. స్క్వేర్ ఎనిక్స్ వాళ్ల పత్రికలో నెకోకురాగె, షోగకుకాన్ వాళ్ల పత్రికలో మినోజి కురాటా. మన దగ్గర ఒకే సీరియల్‌ని రెండు వారపత్రికలు వేస్తే ఎడిటర్లు కోర్టుకెక్కేవాళ్లు. అక్కడ ఇద్దరికీ పాఠకులు దొరికారు.

నవల ఎలా మొదలవుతుందో తెలుసా? వీధి బండి మీద పుల్లకి గుచ్చి కాల్చిన మాంసం తినాలనిపిస్తోందన్న కథానాయిక మావోమావో గొణుగుడుతో. మూలికలు ఏరుకోవడానికి పోయి దొంగల చేతిలో పడి, రాణివాసంలో పనిమనిషిగా అమ్ముడుపోయిన పిల్ల అది. ఏడవదు, తిండి గురించి ఆలోచిస్తుంది. ఆ పిల్ల మనసులో నడిచే ఈ గొణుగుడే నవలకి ప్రాణం. మాంగాలో దాన్నంతా మాటల బుడగల్లో కుక్కితే పేజీ వ్యాసంలా తయారవుతుంది, వదిలేస్తే పిల్ల మూగదైపోతుంది.

నెకోకురాగె ఏం చేశారంటే, గొణుగుడులో సగాన్ని ముఖానికి అప్పగించారు. విషం అనే మాట వినబడగానే మావోమావో కళ్లు మెరుస్తాయి, ఒక్కోసారి పిల్లి చెవులే మొలుస్తాయి. మావో అంటే చైనీస్‌లో పిల్లి, పేరులోనే పిల్లి ఉంది కదా, ఆ చెవులు ఎక్కడినుంచో తెచ్చి అతికించినట్టుండవు. ఇంకో సంగతి, ఈ మాంగాకి కథని మాంగాకి తగ్గట్టు కూర్చే మనిషి వేరే, ఇత్సుకి నానావో. బొమ్మ బాగుందని అందరం అంటాం, ఏ వాక్యం తీసేయాలో తేల్చినవాళ్లని ఎవరూ తలుచుకోరు. కురాటా మాంగాకి ఉపశీర్షికలోనే రహస్యాలు విప్పే చిట్టా అన్న అర్థం ఉంది. అందులో చిక్కుముడికే పెద్దపీట, కథ వేగంగా పరిగెడుతుంది, అలంకారాలు తక్కువ.

అనిమే చూశావు గనక ఇది చెప్పేస్తున్నాను. మావోమావో ముఖం మీది చుక్కలు పుట్టుకతో వచ్చినవి కావు, మగవాళ్ల కళ్లు పడకుండా తనే వేసుకున్నవి. నవల రాసేవాళ్లకి ఇది ఎంత సుఖమో చూడు. ఒకసారి చుక్కల మాట అనేసి ఊరుకోవచ్చు, పాఠకుడు మరిచిపోతాడు. బొమ్మ గీసేవాళ్లకి ఆ సదుపాయం లేదు, ముఖం కనబడే ప్రతి గడిలో చుక్కలు పెట్టాల్సిందే. నా బాధ చెబుతాను. ఒక వారపత్రికలో సీరియల్‌కి బొమ్మలేస్తూ, కథలో ఎక్కడా జుట్టు సంగతి లేదు కదా అని నాయికకి నడుము దాటిన వాలుజడ వేశాను. తొమ్మిదో వారంలో రచయిత్రి ఆమెది చెవులదాకా కత్తిరించిన జుట్టని రాసింది. ఎడిటర్ గారు రచయిత్రిని ఒక్క మాట అనలేదు, నాకు మాత్రం రెండు వారాల డబ్బు ఆపారు.

సరే, నీ ప్రశ్నకి వస్తే, ముందు నెకోకురాగె మొదటి సంపుటం చదువు. తర్వాత నవల. రాణివాసంలో పసిపిల్లలు ఎందుకు చనిపోతున్నారో మావోమావో కనిపెట్టి, గుడ్డపీలిక మీద రాసి పూలకొమ్మకి కట్టి ఇద్దరు రాణుల కిటికీల దగ్గర పెట్టే ఘట్టం ఉందే, దాన్ని రెండింట్లోనూ చూడు. ముఖానికి పూసుకునే తెల్లపొడి విషమని అనిమే పుణ్యమా అని నీకు ముందే తెలుసు. అయినా చదవాలనిపిస్తే అది మంచి మాంగా అన్నట్టే.

‘అసెండెన్స్ ఆఫ్ ఎ బుక్‌వార్మ్’ మొదటి భాగం మాంగా హాయిగా చదివాను. మూడో భాగానికి వచ్చేసరికి ముఖాలే మారిపోయాయి. ఎందుకిలా?
— బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

గీసిన చేయి మారింది కాబట్టి. మొదటి రెండు భాగాలు సుజుకావి, మూడోది రియో నామినోది, నాలుగోది హికారు కట్సుకిది. మియా కజుకి నవల 33 సంపుటాలు, 2023లో పూర్తయింది. ఒక్కరే గీస్తే మనవలు చదువుకోవాలి! అందుకే భాగాలు పంచుకుని సమాంతరంగా గీస్తున్నారు. రెండు సంపుటాలు ఓపిక పడితే కొత్త ముఖాలు అలవాటైపోతాయి.

నాకైతే మొదటి భాగమే ఇష్టం. పుస్తకాల్లేని లోకంలో కథానాయిక మైన్ మట్టి పలకల మీద రాస్తే అవి పొయ్యిలో పేలిపోతాయి, చెక్క పేళ్ల మీద రాస్తే అమ్మ కట్టెలనుకుని తగలబెట్టేస్తుంది. మా తాతగారి తాటాకు పుస్తకాల కట్ట ఒకటి అటక మీద ఉండేది, వానాకాలంలో మా నాయనమ్మ దాన్ని పొయ్యిలోకి వాడేసింది. ఆ పేజీ దగ్గర కాసేపు ఆగిపోయాను. అన్నట్టు, మాంగా సంపుటాల చివర రచయిత్రి కొత్తగా రాసిన చిన్న కథలుంటాయి, వదలకండి.

హరుహి సుజుమియా నవల చదివి పడిపడి నవ్వాను. మాంగాలో అవే సంఘటనలకి నవ్వు రాలేదు. తప్పు నాదా?
— డల్లాస్ నుంచి ఒక పాఠకుడు

మీది కాదు. దాన్ని మాంగా చేయడమే తిప్పలు. 2004లో మకోటో మిజునో గీసినది ఒక్క సంపుటంతో ఆగిపోయింది. తర్వాత గాకు త్సుగానో 2005 నుంచి 2013 దాకా 20 సంపుటాలు లాగారు, తక్కువ పనేం కాదు. కానీ కథ చెప్పే క్యోన్ ఉన్నాడే, వాడు మనసులో అనుకున్నాడనుకున్న మాటకి ఎదుటివాళ్లు టక్కున జవాబిస్తారు. పైకే అనేశాడా? తెలియదు. నవ్వంతా అక్కడుంది. మన నాటకాల్లో స్వగతం చెప్పే నటుడు జనం వైపు తిరుగుతాడు కదా, క్యోన్ తిరిగాడో లేదో మనకి కనబడదు. మాంగాలో కనబడి తీరుతుంది, తోక ఉన్న బుడగ అయితే పైకి అన్నట్టు, తోక లేని పెట్టెలో రాస్తే అనుకున్నట్టు.

ఒకసారి నవల దగ్గర పెట్టుకుని క్యోన్ పైకి అన్న మాటల కింద పెన్సిల్ గీత పెట్టి చూడండి. నేను పెట్టాను. రెండోసారి చదివేటప్పుడు సగం గీతలు చెరిపేయాల్సి వచ్చింది.