ఎత్తు గుర్రానికి అరుగు ఆసరా

మీ ఎత్తు గుర్రాన్ని నేల మీది నుంచి ఎక్కబోతే జీను ఎడమకు జారుతోందని, ఏం చేయాలని రాశారు. గుర్రం ఎత్తును హ్యాండ్లలో కొలుస్తారు, ఒక హ్యాండ్ నాలుగు అంగుళాలు. 16 హ్యాండ్ల గుర్రమంటే మూపు దగ్గర 64 అంగుళాలు, అందకపోవడం సహజమే. బరువంతా ఒకే పక్క పడితే దాని వెన్నుకూ నొప్పే, పాపం.

మన నల్లగొండలో రాతిబండలకు కొదవా? కదలని బండ, ఇంటి అరుగు, మోకాలెత్తు ఉంటే చాలు. ప్లాస్టిక్ కుర్చీ మాత్రం వద్దండీ. బండ లేకపోతే గుర్రాన్ని గట్టు పల్లంలో నిలిపి, మీరు మెరక నుంచి ఎక్కండి.

ఎక్కే ముందు గుర్రం పొట్ట కింది జీను పట్టీ మరోసారి బిగించండి. జీను వేసేటప్పుడు చాలా గుర్రాలు ఒళ్లు బిగిస్తాయి, కాస్త నడిపించాక పట్టీ వదులవుతుంది. ఎడమ రికాబు (కాలు పెట్టే కడియం) వేలాడే తోలు పట్టీని రెండు మూడు రంధ్రాలు దించండి, ఎక్కాక సరిచేసుకోవచ్చు. ఎడమ చేత్తో పగ్గాలతో పాటు గుప్పెడు జూలు పట్టుకోండి. జీను వెనుక అంచును లాగకండి. కాలి వేళ్లు డొక్కలో గుచ్చుకోనివ్వకండి. జీనులో ధబీమని కాక, మెల్లగా కూర్చోండి.